డి అక్షరం కింద పొలుసు

పద్నాలుగో భాగం

రోజలిన్ కవళ్ళ చేపలు బాగుచేస్తోంది. వంటింటి గుమ్మం అవతల గట్టు మీద కత్తిపీట, ఎడమ పక్కన నీళ్ళ గిన్నె. చేపను తోక పట్టుకుని కత్తి వెనక అంచు మీద ఒక్కసారి లాగితే పొలుసంతా ఎగిరి మోచేతి దాకా అంటుకుంటుంది. తల తీసి, పేగు లాగి, చేపను నీళ్ళలో వేసి, ఇంకొకటి అందుకుంటుంది. మామగారు దేవదానం హార్బరులో ఐసు ప్లాంటు మనిషి. తెల్లవారుతూనే రెండు కిలోలు తెచ్చి ఇంట్లో పడేసి మళ్ళీ డ్యూటీకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి పులుసు కావాలి. వెనక పట్టాల మీద గూడ్సు వెళ్ళినప్పుడల్లా గిన్నెలో నీళ్ళు వణుకుతున్నాయి.

ఆమె కూర్చున్న చోటు నుంచి హాలు మొత్తం కనబడుతుంది. హాల్లో కంప్యూటరు ముందు ఆడపడుచు ఫెబా కూర్చుని ఉంది. ఆడటం లేదు. గోడ గడియారం వైపు చూస్తోంది. తొమ్మిదిన్నర. పదకొండింటికి ట్రయల్.

ఫెబా సంగతి మొదటి నుంచీ చదువుతున్నవారికి తెలుసు. మధ్యలో వచ్చినవారికి నాలుగు ముక్కల్లో చెప్పాలి. ఐదుగురు ఒక పక్క, ఐదుగురు ఒక పక్క తుపాకులతో తలపడే ఆట అది. విశాఖ ఆడపిల్లల జట్టులో ఫెబాను తీసుకుని నాలుగు నెలలైంది. మొదట్లో ఆమె వేగానికి అవతలి జట్లు పేరు అడిగి తెలుసుకునేవి. పద్దెనిమిది రోజుల కిందట ఆ వేగం పోయింది. మూల తిరిగేసరికే తూటా తగులుతోంది. తను కాల్చిన చోట మనిషి ఉండడం లేదు. రోజుకు పది గంటలు సాధన చేసినా అంతే.

దానికి ఫెబా అన్న, రోజలిన్ భర్త జాక్సన్ ఒక పేరు పెట్టాడు. మొద్దు చెయ్యి. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో కూడా వదల్లేదు. "పరిశుద్ధుడవైన తండ్రీ, నీ దాసురాలు ఫెబా చేతులు మొద్దుబారినవి. ఆటకు కాకపోయినను, గరిటె పట్టుకొనుటకైనను వాటిని బలపరచుము" అని కళ్ళు మూసుకుని, గొంతు వణికించి మరీ ప్రార్థించాడు. ప్రార్థనలో అన్న మాటకు ఎదురు చెప్పడం ఆ ఇంట్లో లేదు. చివర ఆమెన్ అనాలి. తల్లి దీవెనమ్మ అంది, తండ్రి అన్నాడు, రోజలిన్ అంది. పద్దెనిమిది సాయంత్రాలు ఫెబా కూడా అంది. తల్లి అంతటితో ఆగక, ఆట మొదలయ్యే ముందు కూతురి వేళ్ళకు ప్రార్థన నూనె రాసేది. ఆ నూనెకు వేళ్ళు కీల మీద జారేవి. జారినప్పుడల్లా విశ్వాసం చాలలేదని మరి కాస్త రాసేది.

నిన్న మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే బాబీ వచ్చాడు. కీబోర్డు విప్పి దులిపాడు, లోపలి సెట్టింగులన్నీ ఒక్కొక్కటే తెరిచి చూశాడు.

"నీ సెయ్యి బాగానే ఉన్నాదమ్మా," అన్నాడు. "లోపల ఎవులో కాపలా మనిసిని పెట్టీసినారు."

మెమరీ ఇంటెగ్రిటీ అని దాని పేరు. చెడ్డది కాదు, మంచిదే అని బాబీ చెప్పాడు. కంప్యూటరు లోపలి గదిలోకి దొంగ ప్రోగ్రాములు దూరకుండా చూస్తుంది. కొత్త యంత్రాలకు దాని బరువు తెలియదు. ఫెబాది ఎనిమిదేళ్ళ పాత ప్రాసెసర్. గుమ్మం దగ్గర వచ్చిన ప్రతిదాన్నీ ఆపి, నువ్వెవరని అడిగి, సంచీ వెతికి పంపే కాపలాదారు ముందు ఆ పాతది ఆయాసపడుతోంది. సెకనుకు నూట నలభై నాలుగు బొమ్మలు పడాల్సిన తెర మీద తొంభై పడుతున్నాయి. కాల్పులు ముదిరితే అరవై. ఆ అరకొర సందులోనే ఫెబా పద్దెనిమిది రోజులుగా చచ్చిపోతోంది.

"దానంతటదే పడిపోయిందేమో అన్నా?"

"నీ పాతదాంట్లో దానంతటది పడదు. నొక్కి, రీస్టార్టు కొట్టాలి. ఎప్పుడు కొట్టినారో లోపల రాసుంటాది, సూసుకో. ఇప్పుడు తీసీమంటావా?"

"ఒద్దన్నా. అలాగే ఉండనీ. రేపు నలుగురి ముందూ సూపింతాను."

తీయించుకుని హాయిగా సాధన చేసుకోవలసిన పిల్ల, సాక్ష్యం చెదరకూడదని ఆ స్విచ్చును అలాగే ఉంచింది. ఎవరు నొక్కారో ఆమెకు అనుమానమే లేదు. తెర మూలన సెకనుకు ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చూపే అంకెను, "దాన్నే సూత్తా ఆడితే ద్యాస పోద్దే" అంటూ తీయించింది జాక్సనే.

జాక్సన్ స్నానం చేసి, తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి కూర్చున్నాడు. స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు ఫిట్టరు. శనివారం సెలవు. దీవెనమ్మ ఉప్మా పళ్ళెం అతని చేతికి ఇచ్చి, అక్కడి నుంచే వంటింటి వైపు కేక వేసింది.

"రోజీ, నడ్డి ముల్లు కాడ నల్ల పొర సరిగ్గా తీయి. మొన్న పులుసు సేదొచ్చీసినాది."

"సరే అత్తయ్యా," అంది రోజలిన్.

ఆ పూట ఆమె అన్న మాట అదొక్కటే.

"ఏటే ఫెబా," అన్నాడు జాక్సన్ ముద్ద నములుతూ, "గడియారం కేసి సూత్తే సేతులకి స్పీడొస్తాదేటి? అమ్మా, నూని సీసా తే. ఈసారి మోసేతి దాకా పట్టించు."

"అన్నయ్యా, నువ్వు ఇలాగొచ్చి కూకో."

"ఎందుకే?"

"ఇది నువ్వు పెట్టిందే కదా. తీసీ. నా కళ్ళ ముందు తీసీ."

"ఏటి పెట్టినాను?"

"మెమరీ ఇంటెగ్రిటీ. నా సెయ్యి మొద్దని ఊరంతా సెప్పినావు. దేవుడికి కూడా సెప్పినావు. సెయ్యి కాదు మొద్దయింది, కంప్యూటరు. దాన్ని అలాగ సేసింది నువ్వు. బాబీ అన్న సూసి మరీ సెప్పినాడు."

దీవెనమ్మ చేతిలో గరిటె ఆగింది. "ఏట్రా ఇది?"

జాక్సన్ ఒక్క క్షణం చిన్నపిల్లాడిలా తల్లి వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. ఫెబా ఏడుస్తుందని ఎదురుచూసే మనిషి నవ్వు అది.

"పెట్టినాననుకో. అయితే ఏటి? సేఫ్టీ కోసం పెట్టినాను. నువ్వు అడ్డమైనవీ డౌన్‌లోడు కొట్టీసి, రేపు ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ ఎవుడో ఎత్తుకుపోతే? ఆడపిల్ల కంప్యూటరుకి కాపలా ఉండాలా ఒద్దా? నువ్వు సెప్పమ్మా."

"ఉండాలి," అంది దీవెనమ్మ వెంటనే. "అన్న మంచికే సేసినాడు కదే. దానికింత రాద్ధాంతమేటి?"

పద్దెనిమిది రోజుల అబద్ధం ఒక్క మాటలో మంచితనం అయిపోయింది. ఫెబా మౌసును అన్న వైపు నెట్టింది.

"సరే. సేఫ్టీ కోసమే పెట్టినావు. ఎక్కడుందో సూపించు."

"ఏటి?"

"పెట్టినోడివి నువ్వే కదా. స్విచ్చు ఎక్కడుందో సూపించు."

జాక్సన్ చెయ్యి తువ్వాలుకు తుడుచుకుని మౌసు పట్టుకున్నాడు. సెట్టింగులు తెరిచాడు. తెర వెలుతురు తగ్గించే పేజీకి వెళ్ళాడు. వెనక్కి వచ్చాడు. సౌండు పేజీ తెరిచాడు. యాంటీవైరస్ బొమ్మ కనబడితే దాని మీద నొక్కి, "ఇదిగో, ఇదే" అన్నాడు. అది వైరస్‌లను వెతికే బటను. తెర మీద పచ్చని గీత ఒకటి మెల్లగా కదలడం మొదలుపెట్టింది.

ఫెబా నవ్వింది. ఆ ఇంట్లో చాలా రోజులకు ఆమె నవ్వడం అదే, ఆ నవ్వు వినసొంపుగా లేదు.

"మూడేళ్ళు ఇదే కుర్సీలో కూకుని ఆడినావు," అంది. "నాలుగుసార్లు సెలక్షనుకెల్లి ఎనక్కొచ్చినావు. నెట్ బాగోలేదు, మౌసు బాగోలేదు, పక్కోడు బాగోలేదన్నావు. నీకు స్విచ్చు ఎక్కడుంటాదో కూడా తెలీదన్నయ్యా. నువ్వు నన్ను పాడుసెయ్యలేవు. నీకు అది కూడా సేతకాదు."

జాక్సన్ ముఖం నల్లబడింది. నేరం మోపినప్పుడు అతనికి కోపం రాలేదు. ఆ నేరం చెయ్యడం అతనికి చేతకాదని తేలినప్పుడు వచ్చింది. ఉప్మా పళ్ళెం కీబోర్డు పక్కన ఠపీమని పెట్టాడు.

"నువ్వాడితే ఎంత, మానీస్తే ఎంత! స్విచ్చు తీసినా ఓడిపోతావు, సూడు. అప్పుడు ఎవుల మీద పెడతావో సూస్తాను."

అప్పుడే ఫోను మోగింది. జట్టు నాయకురాలు శ్రీసత్య పంపిన వాయిస్ మెసేజీ. రాజమండ్రి నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన కుటుంబం వాళ్ళది. ఆ పిల్ల ఎంత కఠినమైన మాటైనా మర్యాదగానే అంటుంది.

"ఫెబా గారూ, మీకు తెలిసిందేనండి, పదకొండింటికి ఆఖరి ట్రయల్. ఈసారి తేడా వస్తే మీ బదులు దుర్గను హైదరాబాదు పోటీకి తీసుకెళ్తాం. తనిప్పటికే బట్టలు సర్దేసుకుందండి. ఏమనుకోకండి."

"బట్టలు కూడా సర్దీసుకుందట," అన్నాడు జాక్సన్.

ఫెబా తల ఇంకోవైపు పనిచేస్తోంది. అన్న కాకపోతే ఎవరు? బాబీ చెప్పిన చోటు తెరిచింది. ఈ కంప్యూటరు ఎప్పుడెప్పుడు ఆగి మళ్ళీ లేచిందో వరసగా రాసి ఉంది. కిందికి జరుపుకుంటూ వెళ్ళింది. రోజూ పొద్దున ఆరింటికి ఒకటి, రాత్రి ఒకటి, అన్నీ తనవే. పదకొండో తారీకు మంగళవారం దగ్గర మాత్రం ఇంకొకటి ఉంది. ఉదయం పది గంటల నలభై రెండు నిమిషాలు.

పైకి చదివింది.

"మంగళారమా?" అంది దీవెనమ్మ. "ఆ రోజు మనిద్దరం భీమిలి ఎల్లలేదేటే, మీ పెద్దమ్మ జ్ఞాపకార్థ కూడికకి? పొద్దున్నే ఏడింటి బస్సుకెల్లి సాయంత్రం కదా దిగినాం."

"నాను మొదటి షిఫ్టులో ఉన్నాను," అన్నాడు జాక్సన్. "పొద్దున్న ఆరు నుంచి రెండు దాకా. కావాలంటే పంచింగు సూసుకో."

"నాన్న?"

"హార్బరులో. ఎప్పుడు ఇంట్లో ఉన్నారు గనక?" అంది దీవెనమ్మ.

పెరట్లో కత్తి చప్పుడు ఆగలేదు. ఒకే వేగంతో నడుస్తోంది. లాగడం, కోయడం, నీళ్ళలో వేయడం.

ఫెబా మౌస్ ప్యాడు అంచు వైపు చూసింది. నిన్న బాబీ కీలన్నీ ఊడదీసి దులిపినప్పుడు, డి అక్షరం కింద నుంచి ఒకటి రాలింది. గోరంత ఉంది. గాజు పెంకులా మెరుస్తోంది. "సేపల కూర తింటా ఆడతావేటమ్మా?" అని బాబీ నవ్వాడు. తను దాన్ని వేలితో పక్కకు నెట్టింది. అది ఇంకా అక్కడే ఉంది. ఎండిన కవళ్ళ పొలుసు.

ఆ ఇంట్లో నాలుగు నెలలుగా ఫెబా చేప ముట్టుకోలేదు. జట్టులోకి తీసుకున్న రోజునే దేవదానం తేల్చి చెప్పాడు. ముల్లు గుచ్చుకుంటే వేలు వాచిపోతుంది, ఆట పోతుంది, ఇక చేపల పని పిల్ల చెయ్యకూడదు అని. పిల్ల అంటే ఫెబా. అంతకుముందు రోజు మార్చి రోజు వదినా మరదళ్ళు పంచుకున్న పని అది. ఆ రోజు నుంచీ అంతా రోజలిన్‌కే వచ్చింది. రోజలిన్ వేళ్ళ గురించి ఎవరూ మాట్లాడలేదు. ఫెబా కూడా మాట్లాడలేదు. ఒకసారి వదిన కుడి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని అన్నం వడ్డిస్తే, "వదినా, గుడ్డ తడిసిపోనాది, నా కంచం కాడికి తేకు" అంది. అది గుర్తొచ్చింది. గుర్తొచ్చినా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది.

పొలుసును వేలి కొస మీదకు తీసుకుని అందరికీ చూపించింది.

"ఇది డి కింద దొరికినాది."

జాక్సన్ పొలుసు వైపు చూశాడు, పెరటి వైపు చూశాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు.

"దీనికా? ఓలమ్మో! దీనికి నా ఫోనులో టార్చి ఆపడమే రాదు."

దీవెనమ్మ నవ్వలేదు. ఆమెకు తెలుసు. పెళ్ళికి ముందు రోజలిన్ గాజువాకలో ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటరు ల్యాబులో రెండేళ్ళు పనిచేసింది. నలభై కంప్యూటర్లు ఆమె చేతి కింద ఉండేవి. పెళ్ళి మాటల్లోనే దీవెనమ్మ ఆ ఉద్యోగం మానిపించింది. కోడలు పొద్దున్నే గాజువాక బస్సెక్కితే, ఐసు ప్లాంటుకు కేరేజీ ఎవరు పట్టుకెళ్తారు అని అడిగింది. జాక్సన్‌కు కూడా తెలుసు. కానీ అతను స్నేహితులతో ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. "మా ఆవిడ నలభై కంప్యూటర్లకి దుమ్ము తుడిసీది బావా." చెప్పి చెప్పి, అదే నిజమని నమ్మేశాడు.

"వదినా," అని పిలిచింది ఫెబా.

కత్తి చప్పుడు ఆగింది.

"నువ్వేనా?"

గూడ్సు ఒకటి వెళ్ళింది. గిన్నెలో నీళ్ళు వణికి సర్దుకున్నాయి.

"ఎవులితో సెప్పుకున్నాను నాను ఈ పద్దెనిమిది రోజులూ? నీతోనే కదా. నా సేతులకేటో అయిపోనాది వదినా అనీసి నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడిసినాను. అమ్మ నూని రాస్తే నువ్వే కదా తుడిసినావు. తెలిసే తుడిసినావా?"

రోజలిన్ తల వంచుకునే ఉంది.

"నీ సేతులు ఎలాగూ సేపల్లోనే పోతాయి. నా సేతులెందుకు పాడుసేసినావు? నీకేటున్నాది పోడానికి? నాకున్నాది!"

దీవెనమ్మ నోరు తెరిచింది గాని, కూతురిని మందలించాలో కోడలిని తిట్టాలో తెలియక మూసుకుంది.

రోజలిన్ లేచింది. చేతులు కడుక్కోలేదు. మోచేతి దాకా పొలుసుతో, వేళ్ళ సందుల్లో నెత్తురుతో హాల్లోకి వచ్చి ఫెబా పక్కన నిలబడింది. ఫెబాకు చేపల వాసన కొట్టింది. ఆమె తనకు తెలియకుండానే కుర్చీ వదిలి పక్కకు జరిగింది. రోజలిన్ కూర్చోలేదు. నిలబడే మౌసు మీద చెయ్యి వేసింది.

నాలుగు నొక్కులు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. వెతకలేదు, ఎక్కడా ఆగలేదు. తెర మీద మెమరీ ఇంటెగ్రిటీ అన్న అక్షరాలు, పక్కన నీలంగా వెలుగుతున్న స్విచ్చు. దాన్ని ఆపింది. నీలం పోయి తెలుపైంది. రీస్టార్టు చెయ్యమని అడిగితే చేసింది.

జాక్సన్ నవ్వు మధ్యలోనే ఉండిపోయింది.

తెర నల్లబడి మళ్ళీ వెలుగుతుండగా ఆమె డిలీట్ కీని టకటకా నాలుగుసార్లు నొక్కింది. ఫెబా ఎప్పుడూ చూడని పేజీ ఒకటి తెరుచుకుంది. మౌసు లేకుండా బాణం కీలతోనే కిందికి దిగి, ఏదో ఒక వరస మార్చి, భద్రం చేసి బయటికి వచ్చింది. బాబీ చెయ్యకుండా వదిలేసిన పని ఇంకేదో కూడా చేస్తోందని ఫెబా అనుకుంది. పది గంటల పదిహేను నిమిషాలు. ఇంకా ముప్పావుగంట ఉంది. చాలు. ఆ మాత్రం చాలు.

రోజలిన్ లోపలి గదిలోకి వెళ్ళింది. కీల మీద ఆమె వేళ్ళ గుర్తులు తడిగా ఉన్నాయి.

"ఎక్కడికెల్తాది? ముఖం సెల్లక ఎల్లుంటాది," అన్నాడు జాక్సన్. గొంతు మాత్రం తగ్గింది. "సేపలు సగంలో ఉన్నాయి. వచ్చి పూర్తిసేస్తాది."

కంప్యూటరు లేచింది. రోజూ కనబడే కొండల బొమ్మ రాలేదు. తెరంతా నీలం. దాని మీద తెల్లటి అక్షరాలు. ఈ డిస్క్‌కు తాళం పడింది, తెరవాలంటే నలభై ఎనిమిది అంకెల రికవరీ కీ కొట్టండి అని. కింద ఖాళీ గడి. ఫెబా తండ్రి పుట్టినరోజు కొట్టింది, రోజూ కొట్టే పిన్ అదే. తీసుకోలేదు. మళ్ళీ కొట్టింది.

"ఏటయింది?" అంది దీవెనమ్మ.

ఫెబాకు అప్పుడు అర్థమైంది. మంగళవారం వదిన పెట్టింది ఒక్క కాపలాదారును కాదు. డిస్కు మొత్తానికి తాళం వేసి, తాళంచెవి తన దగ్గర ఉంచుకుంది. ఇన్నాళ్ళూ ఆ తాళం బిగించలేదు. ఇప్పుడు, తన కళ్ళ ముందే, బాణం కీలతో బిగించింది.

నలభై ఎనిమిది అంకెలు. ఫెబా వాటిని చూసింది. రెండు వారాల కిందట చర్చిలో వదిన పాటల పుస్తకం తీసుకుంటే, వెనక అట్ట మీద పెన్సిలుతో ఆరేసి అంకెలు ఎనిమిది గుంపులుగా రాసి ఉన్నాయి. మూడేసి అంకెలుగా విడదీస్తే పాటల నంబర్లే కదా, వచ్చే వారాలకు క్వయర్ పాటలు రాసుకుంది కాబోలని చూసి మూసేసింది.

లోపలి గది తలుపు తెరుచుకుంది. రోజలిన్ చీర మార్చుకోలేదు. చెయ్యి కడుక్కోలేదు. చంకలో నల్ల జిప్పు అట్ట వేసిన పాటల పుస్తకం ఉంది.

"వదినా," అంది ఫెబా. గొంతులో ఇందాకటి పదును లేదు. "వదినా, ఆ పుస్తకం ఒక్కసారి."

రోజలిన్ గుమ్మం దగ్గర వంగి చెప్పులు వేసుకుంది. ఎడమది ముందు, కుడిది తర్వాత, తొందర లేకుండా.

"ఏయ్, నిన్నే! ఎక్కడికే?" అని జాక్సన్ లేచాడు.

"రోజీ, సేపలు..." అంది దీవెనమ్మ.

మోచేతి మీద పొలుసు ఎండకు ఒకసారి మెరిసింది. ఎవరి వైపూ చూడకుండా రోజలిన్ మెట్లు దిగి గేటు గొళ్ళెం తీసి వెళ్ళిపోయింది.